మన్ననూర్ నుంచి శ్రీశైలం: మండే ఎండలో, నల్లమల ఘాట్‌లో సైకిల్ మీద ఒక్క రోజులో ఎలా చేరాలి

సంక్రాంతి అయిందంటే చాలు, శివరాత్రికో ఉగాదికో సైకిల్ మీద శ్రీశైలం వెళ్దామనుకునేవాళ్లు ఒకే ప్రశ్న అడుగుతారు. "ఒక్క రోజులో అవుతుందా?" హైదరాబాద్ నుంచైతే రెండు వందల కిలోమీటర్ల పైమాట, ఎండల్లో ఒక్క రోజులో వద్దు. మన్ననూర్ నుంచైతే అవుతుంది. సుమారు 75 నుంచి 80 కిలోమీటర్లు. ఏడాదిగా వారానికి రెండు మూడు సార్లు సైకిల్ తొక్కుతున్న మామూలు మనిషి చేయగలిగిన దారే.

అయితే ఈ దారి స్వభావం ముందు తెలుసుకోవాలి. మన్ననూర్ దాటాక ఫర్హాబాద్, వటవర్లపల్లి మీదుగా దోమలపెంట దాకా కొండ మీదే ఎగుడు దిగుడుగా సాగుతుంది. అక్కడి నుంచి ఈగలపెంట మీదుగా ఘాట్‌లో ఒక్కసారిగా కృష్ణ దగ్గరికి దిగుతుంది. డ్యామ్ కింద వంతెన దాటితే లింగాలగట్టు, ఆ పైన సున్నిపెంట, ఆ పైన శ్రీశైలం. అంటే 60 కిలోమీటర్లకు పైగా తొక్కి, సంపాదించుకున్న ఎత్తంతా పోగొట్టుకుని, అప్పుడు అసలు కొండ ఎక్కాలి. వంతెన దగ్గర నుంచి గుడికి సుమారు 15 కిలోమీటర్లు. నదీ మట్టం కంటే గుడి ఊరు దాదాపు 280 మీటర్లు ఎత్తులో ఉంటుంది, అంటే తొమ్మిది వందల అడుగుల పైమాట. ఆ ఎక్కుడు మీ ముందుకొచ్చేసరికి మిట్ట మధ్యాహ్నం అవుతుంది, కాళ్లు అప్పటికే అలిసి ఉంటాయి, సీసాలో నీళ్లు వేడెక్కి ఉంటాయి.

కాబట్టి ఈ రోజును చివరి నుంచి వెనక్కి ప్లాన్ చేసుకోవాలి. కింద రాసినవన్నీ ఆ ఆఖరి 15 కిలోమీటర్ల కోసమే.

ఎవరు వెళ్లకూడదు

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వాడేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా బయల్దేరవద్దు. గత వారంలో జ్వరం, విరేచనాలు వచ్చినవాళ్లు వాయిదా వేసుకోండి. మల్లన్న ఎక్కడికీ పోడు.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. శివరాత్రి ఉపవాసంతో, అందులోనూ నీళ్లు ముట్టని ఉపవాసంతో ఈ దారిలో సైకిల్ తొక్కవద్దు. సైకిల్ యాత్ర ముందు రోజు పెట్టుకుని, ఉపవాసం శ్రీశైలం చేరాక చేయండి.

కావలసినవి

సైకిల్ ఖరీదైనది కానక్కర్లేదు. గేర్లు మాత్రం ఎక్కుడుకు సరిపోవాలి. చూసుకునే పద్ధతి సులువు. ముందు ఉన్న అతి చిన్న పళ్లచక్రానికి ఎన్ని పళ్లున్నాయో, వెనక ఉన్న అతి పెద్దదానికి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రెండూ సమానమైనా, వెనకవి ఎక్కువైనా ఈ ఘాట్‌కు చాలు. ముందు 28, వెనక 28 ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది, రెండు మీటర్ల పైచిలుకు ముందుకు వెళ్తారు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. ఘాట్‌లో అంతకంటే వేగం అక్కర్లేదు.

గేర్లు లేని పాత సైకిల్ సంగతి వేరు. ముందు 44, వెనక 18 పళ్లున్న సైకిల్ మీద అదే ఏడున్నర కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే నిమిషానికి సుమారు ఇరవై నాలుగు చుట్లే పడతాయి. ఒక్కో తొక్కుకు ఒళ్లంతా పెడల్ మీద వేయాలి, మోకాళ్లు పోతాయి. అలాంటి సైకిల్‌తో వెళ్లేవాళ్లు నిటారు ఎక్కుళ్లలో దిగి నడిపించుకుంటూ వెళ్లాలని ముందే అనుకోండి. అందులో తప్పేమీ లేదు. కాకపోతే టైము లెక్క మారుతుంది, అది తర్వాత చెప్తాను.

మిగతా సామాను:

- నీళ్లు 3 లీటర్లు. రెండు సీసాలు ఫ్రేముకు, ఒకటి బ్యాగులో. స్టీలుదో గట్టి సీసానో తీసుకోండి. పులుల అభయారణ్యంలో వాడిపారేసే ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది.
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు. లీటరు నీళ్లకు కలిపే రకం కొనండి. ఓఆర్‌ఎస్ లాంటి పేరుతో అమ్మే తియ్యటి జ్యూస్ డబ్బాలు దానికి బదులు పనికిరావు.
- పల్లీ పట్టీలు, ఖర్జూరాలు, అరటిపళ్లు, చిన్న డబ్బాలో పులిహోర.
- రెండు ట్యూబులు, పంచర్ సామాను, టైరు లివర్లు, చిన్న పంపు, ఎల్‌ కీల సెట్టు, చైన్ కలిపే లింకు ఒకటి. మన్ననూర్ దాటాక సైకిల్ రిపేరు షాపు మీద ఆశ పెట్టుకోవద్దు.
- హెల్మెట్, వెనక ఎర్ర లైటు (పగలు కూడా వెలగాలి), ముందు లైటు.
- పొడుగు చేతుల లేత రంగు చొక్కా, కళ్లద్దాలు, నూలు తువ్వాలు ఒకటి. తడిపి మెడ చుట్టూ వేసుకోవడానికి తువ్వాలును మించింది నాకు కనబడలేదు.
- కొబ్బరినూనెగానీ వ్యాజిలిన్‌గానీ, తొడలు ఒరుసుకుపోకుండా.
- పంచె లేదా సంప్రదాయ దుస్తులు ఒక జత, దర్శనానికి.

శివమాలలో ఉండి చెప్పుల్లేకుండా తొక్కేవాళ్లు ఇనుప పెడళ్లు తీయించి రబ్బరు పెడళ్లు వేయించుకోండి. ఎండలో నిలబెట్టిన సైకిల్ మీద ఇనుప పెడల్ అరికాలును కాలుస్తుంది. పంచర్ పడి తారు రోడ్డు మీద నడవాల్సి వస్తే ఏం చేయాలో మీ గురుస్వామిని ముందే అడగండి.

1. రెండు వారాల ముందు నుంచి ఒంటిని ఎండకు అలవాటు చేయండి

ఏసీలో కూర్చునే మనిషి ఒక్కసారిగా ఎండలో ఎనిమిది గంటలు తొక్కలేడు. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. రోజూ గంట సేపు, ఉదయం 9 తర్వాతో సాయంత్రం 4కో, తేలిగ్గా తొక్కండి. మొదటి మూడు రోజులు అరగంట చాలు. వారం దాటాక చెమట తొందరగా పడుతుంది, గుండె దడ తగ్గుతుంది. అలవాటు పడుతున్నారనడానికి అదే గుర్తు.

ఎక్కుడు కూడా సాధన చేయాలి. హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ అనంతగిరి, నరసరావుపేట చుట్టుపక్కల వాళ్లకు కోటప్పకొండ ఘాట్, విశాఖ వాళ్లకు సింహాచలం ఉన్నాయి. ఏదీ దగ్గరలో లేకపోతే ఊళ్లో ఫ్లైఓవర్‌ను తెల్లవారుజామున పదిహేను సార్లు ఎక్కి దిగండి. విసుగ్గా ఉంటుంది, పనికొస్తుంది.

సరిచూసుకోవడం: వెళ్లే ముందు వారం, ఆ రోజు మోసే సామానంతా వేసుకుని 50 కిలోమీటర్లు తొక్కండి. బయల్దేరే ముందు, వచ్చాక బరువు చూసుకోండి. కిలో తగ్గితే మీరు తాగినదానికి పైన ఇంకో లీటరు చెమటగా పోయిందని అర్థం. ఒంటి బరువులో నూటికి రెండు వంతుల కంటే ఎక్కువ తగ్గితే మీరు తాగేది చాలడం లేదు.

2. రోజు ఎంచుకోండి, చెక్‌పోస్టులో అడగండి

శని, ఆదివారాలు, శివరాత్రికి అటూ ఇటూ రెండు రోజులు వదిలేయండి. ఘాట్ మలుపుల్లో బస్సులు, కార్లు వరుస కడతాయి. మంగళ, బుధ, గురువారాలు హాయి.

అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. ముందు రోజు సాయంత్రానికే మన్ననూర్‌కో అచ్చంపేటకో చేరి అక్కడ పడుకోండి. అచ్చంపేటలో ఉంటే తెల్లవారుజామున మన్ననూర్ దాకా వచ్చే ఎక్కుడు అదనం, దాన్ని లెక్కలో వేసుకోండి. చెక్‌పోస్టులో సైకిళ్ల మీద ఎంతమంది వెళ్తున్నారో చెప్పి, ఆ రోజుకు ఏమైనా ఆంక్షలున్నాయా అని అడగండి. వద్దంటే వాదించకండి. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, వాళ్లకు తెలిసిన కారణం ఉంటుంది.

ఒంటరిగా వెళ్లవద్దు. కనీసం ముగ్గురు ఉండాలి. అడవిలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. ఎన్ని గంటలకు ఎక్కడుంటారో ఇంట్లో కాగితం మీద రాసిచ్చి వెళ్లండి. "దోమలపెంట 10:30, శ్రీశైలం 6" అని రాసి ఉంటే వాళ్లకూ టెన్షన్ ఉండదు.

3. ముందు రాత్రి

అన్నం కాస్త ఎక్కువ తినండి, ఉప్పు తగ్గించుకోకండి. మందు, బిర్యానీ ఆ రాత్రికి వద్దు. అన్నంలో మజ్జిగ పోసి ఉంచితే తెల్లవారి 5 గంటలకు తేలిగ్గా దిగుతుంది. చద్దన్నం పడనివాళ్లు ఇడ్లీలు, రాగి జావ తీసుకోండి. నూనె ఓడే పూరీ, వడ మాత్రం కడుపులో రాయిలా కూర్చుంటాయి.

టైర్లలో గాలి కాస్త తగ్గించండి. 35 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకు 55 నుంచి 60 పీఎస్‌ఐ చాలు. టైరు గోడ మీద రాసి ఉన్న గరిష్ఠం దాకా గాలి నింపి వెళ్తే ఎండకు, ఘాట్‌లో బ్రేకుల వేడికి ట్యూబు మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. చైన్‌కు నూనె వేసి, పైన తేలినదంతా గుడ్డతో తుడిచేయండి.

సరిచూసుకోవడం: ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకు తోయండి. వెనక చక్రం లేవాలి. తర్వాత వెనక బ్రేకు పట్టి తోయండి, చక్రం తిరగకుండా ఈడ్చుకురావాలి. బ్రేకు పిడి హ్యాండిల్‌కు ఆనుకునేదాకా వస్తే కేబుల్ బిగించాలి. రబ్బర్ల మీద గీతలు అరిగిపోయి ఉంటే కొత్తవి వేయించండి. నూట యాభై రూపాయలు మిగుల్చుకునే చోటు కాదిది.

4. గేటు తీయగానే బయల్దేరండి, నెమ్మదిగా తొక్కండి

ఉదయం 6 గంటలకు గాలి చల్లగా ఉంటుంది, కాళ్లు ఉరుకుతాయి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఫర్హాబాద్ వైపు ఎక్కుడులో ఒకరిని చూసి ఒకరు పోటీ పడతారు, తొమ్మిదింటికల్లా కాళ్లలో శక్తి సగం ఖర్చయిపోతుంది.

వేగం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను వాడే కొలత ఇది. తొక్కుతూ ఒక్క ఊపిరిలో "ఓం నమశ్శివాయ" మూడు సార్లు పైకి అనండి. తడబడకుండా వస్తే వేగం సరైనదే. రెండో సారికే ఊపిరి తెగితే ఒక గేరు తగ్గించండి. గడియారాలు, గుండె కొట్టుకునే లెక్క చూపే పట్టీలు ఉన్నవాళ్లు కూడా దీన్ని ప్రయత్నించండి, ఎండలో ఆ అంకెల కంటే ఊపిరే నిజం చెబుతుంది.

గంటకు ఒకసారి ఆగండి, ఐదు నిమిషాలకు మించి వద్దు. ఆగడం రోడ్డు అంచునే, ముందూ వెనకా దూరం కనబడే చోట. చెట్ల లోపలికి వెళ్లవద్దు. ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్న అడవి.

ఫిబ్రవరి చివర, మార్చిలో వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. "అడవి కదా, నీడ ఉంటుంది" అనుకుంటారు. నల్లమల ఆకు రాల్చే అడవి. టేకు, నల్లమద్ది ఆ రోజులకు మోడువారి ఉంటాయి. మోదుగ పూలు మాత్రం కొండంతా నిప్పులు పోసినట్టు పూసి ఉంటాయి. చూడటానికి ఎంత అందమో, నీడకు అంత కరువు. నిజమైన నీడ ఊళ్ల దగ్గర వేప, చింత చెట్ల కిందే.

కోతుల గురించి. హ్యాండిల్‌కు ప్లాస్టిక్ కవరు తగిలించి అందులో అరటిపళ్లు వేసుకోవద్దు, వచ్చి లాక్కుంటాయి, ఆ లాగుడుకి మీరు పడతారు. తిండి అంతా మూత ఉన్న డబ్బాలో, డబ్బా జిప్పు ఉన్న బ్యాగులో. వాటికి తిండి పెట్టవద్దు. మనం వేసే అరటిపండు కోసమే అవి రోడ్డు మీదకొచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

5. తాగడం, తినడం

దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. అలాగని లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు పోసుకోవడమూ ప్రమాదమే. చెమటతో ఉప్పు పోతుంటే ఉత్త నీళ్లే తాగేవాళ్లకు రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తే పరిస్థితి ఇంకా పాడవుతుంది.

నా లెక్క: ఉదయం 9 దాకా గంటకు అర లీటరు, ఆ తర్వాత గంటకు ముప్పావు లీటరు. ఒక సీసాలో ఉత్త నీళ్లు, ఇంకో సీసాలో ఓఆర్‌ఎస్. పావు గంటకోసారి రెండు మూడు గుక్కలు. ప్యాకెట్లు అయిపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చిన్న చెంచాతో, తలకొట్టి. ఉప్పు ఎక్కువ వేస్తే మంచిదనుకోవద్దు, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. నిమ్మకాయ పిండుకుంటే తాగబుద్ధవుతుంది. దారిలో ఉప్పేసిన పలచటి మజ్జిగ దొరికితే వదలకండి. కూల్‌డ్రింకులు వద్దు.

వటవర్లపల్లి మన్ననూర్ నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. అక్కడ అన్ని సీసాలూ నింపుకోండి, సగం ఖాళీ అయినా సరే. ఈ ఊరి దగ్గరి నుంచే మల్లెల తీర్థానికి దారి చీలుతుంది. చూడాలనిపిస్తుంది, ఈ రోజుకు మాత్రం వద్దు.

సరిచూసుకోవడం: ఉదయం 10 లోపల కనీసం ఒకసారి మూత్రానికి వెళ్లాలి, లేత పసుపు రంగులో ఉండాలి. ముదురు పసుపో టీ రంగో ఉంటే నీడలో ఆగి, ఓఆర్‌ఎస్ అర లీటరు మెల్లగా తాగి, అరగంట కూర్చోండి.

6. దోమలపెంట, ఈగలపెంట దగ్గర ఆగిపోండి

ఈ గైడ్‌లో ఒక్క మాటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. ఘాట్ దిగకముందే విశ్రాంతి తీసుకోవాలి, దిగాక కాదు.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన తప్పు ఇది. పదకొండింటికి ఘాట్ తల దగ్గర నిలబడి కింద కృష్ణను చూసి, "దిగుడే కదా, దిగేసి డ్యామ్ చూస్తూ కూర్చుందాం" అనుకున్నాం. కింద లోయలో రెండు వైపులా బండరాయి, గాలి కదలదు. రాయి పొద్దున్నుంచి తాగిన ఎండను మన మీదకే వదులుతుంది. అక్కడ కూర్చోలేక, పన్నెండింటికే ఎక్కడం మొదలుపెట్టాం. మూడు కిలోమీటర్లకు నా స్నేహితుడికి చెమట ఆగిపోయింది, ఒళ్లు వణికింది, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పాడు. నీళ్లన్నీ అతని మీద పోసి, తువ్వాలుతో విసురుతూ కూర్చున్నాం. అటుగా వచ్చిన లారీ డ్రైవర్ ఒకాయన ఎక్కించుకుని సున్నిపెంటకు చేర్చాడు. ఆయన ఆగకపోతే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ ఆలోచించడం ఇష్టం లేదు.

అందుకే 10:30, 11 గంటలకల్లా దోమలపెంట లేదా ఈగలపెంట చేరి, నీడ చూసుకుని, మధ్యాహ్నం 2:45 దాకా అక్కడే ఉండండి. భోజనం చేయండి, పెరుగన్నం అయితే మరీ మంచిది. బూట్లు, సాక్సులు విప్పి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి పడుకోండి. ఆ దాదాపు నాలుగు గంటలు వృథా అని అనిపిస్తుంది, తోటివాళ్లు తొందరపెడతారు. లొంగకండి.

పదకొండున్నర దాటినా దోమలపెంట చేరలేదంటే ఆ రోజు అక్కడితో ఆపేయడం గురించి ఆలోచించండి. నిజానికి రెండు రోజుల ప్రయాణమే నాకు ఎక్కువ ఇష్టం. ఈగలపెంటలో రాత్రి ఉండి (గది ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి), తెల్లవారి చల్లగా ఘాట్ దిగి, ఎండ ముదరకముందే ఎక్కేయొచ్చు. గేర్లు లేని సైకిల్ వాళ్లకైతే నేను ఇదొక్కటే చెబుతాను. 15 కిలోమీటర్లలో ఎక్కువ భాగం నడిపించుకుంటూ వెళ్తే నాలుగు గంటలు పడుతుంది, మధ్యాహ్నం మొదలుపెడితే అడవిలో చీకటి పడుతుంది.

7. ఘాట్ దిగడం

దిగేముందు బ్రేకులు మళ్లీ చూసుకోండి. సీటు మీద కాస్త వెనక్కి జరగండి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు గట్టిగా పట్టకూడదు. రెండు బ్రేకులూ పట్టి వదులుతూ, పట్టి వదులుతూ రండి. ఒకటే పట్టుగా పట్టుకుని దిగితే రిమ్ము కాలి ట్యూబు పేలొచ్చు. డిస్కు బ్రేకైతే పట్టు తప్పుతుంది.

మధ్యలో రెండు మూడు చోట్ల, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆగి చల్లారనివ్వండి. డిస్కును వేలితో ముట్టుకోవద్దు, బొబ్బ లేస్తుంది. వేడిగా ఉండగా దాని మీద నీళ్లు పోయవద్దు, వంకర పోతుంది. బస్సులు మలుపులో మీ వైపుకు వస్తాయి, వాటికి వేరే దారి లేదు. హారన్ వినబడితే ఎడమ అంచుకు వచ్చి ఆగండి. ఫొటోల కోసం మలుపులో ఆగవద్దు. కింద వంతెన మీద నుంచి డ్యామ్ నిండుగా కనబడుతుంది. 512 మీటర్ల పొడవు, 145 మీటర్ల ఎత్తు. అక్కడ ఐదు నిమిషాలు చాలు.

8. ఆఖరి ఎక్కుడు

3:30కి వంతెన దాటితే 6 లోపల గుడి ఊరికి చేరతారు. లింగాలగట్టు దగ్గర తువ్వాలు తడిపి మెడకు వేసుకోండి, చొక్కా ముంజేతులు కూడా తడపండి. ఎక్కుడు మొదలవ్వకముందే, అంటే పెడల్ మీద బరువు పడకముందే, అతి తేలిక గేరు వేసుకోండి. బరువు పడ్డాక మారిస్తే చైన్ తెగేది అప్పుడే.

కూర్చునే తొక్కండి. లేచి తొక్కితే వేగం వస్తుంది, ఒళ్లు తొందరగా వేడెక్కుతుంది. ఎడమ వైపు తిరిగే మలుపుల్లో లోపలి అంచు అన్నిటికంటే నిటారుగా ఉంటుంది. వెనక ఏమీ రాకపోతే కొంచెం వెడల్పుగా తిరగండి. రోడ్డుకు అడ్డంగా పాము నడకలా తొక్కడం మాత్రం వద్దు, వెనక వచ్చే డ్రైవర్‌కు మీరు ఎటు వెళ్తారో తెలియదు.

పంచాక్షరి కొలత ఇక్కడ కూడా అదే. మూడు సార్లు రాకపోతే దిగి వంద అడుగులు నడవండి, ఊపిరి అందాక మళ్లీ ఎక్కండి. సున్నిపెంటలో తప్పకుండా ఆగి, నీళ్లు నింపుకుని, ఒక పల్లీ పట్టీ తినండి. చాలామంది "ఇంకెంత, వచ్చేసింది" అని ఇక్కడ ఆగరు. ఇంకా పది కిలోమీటర్లకు పైనే ఉంటుంది.

ఎవరికైనా తల తిరిగినా, వికారంగా ఉన్నా, ఎండలో చలి పుట్టినా ఆ ఎక్కుడు అతనికి అక్కడితో అయిపోయినట్టే. నీడలోకి తీసుకెళ్లి, దుస్తులు వదులు చేసి, తల మీద, మెడ మీద, చంకల్లో నీళ్లు పోస్తూ విసరండి. మాటలో తికమక వచ్చినా, స్పృహ తప్పుతున్నా అది ఎండదెబ్బ. చెమట పడుతూనే ఉన్నా సరే. నోట్లో నీళ్లు పోయకండి, పొలమారుతుంది. 108కి ఫోన్ చేయండి, సిగ్నల్ లేకపోతే వచ్చే బండిని ఆపండి. ఆసుపత్రికి చేరేదాకా నీళ్లు పోసి విసరడం ఆపవద్దు.

దోర్నాల వైపు నుంచి అయితే

ప్రకాశం, గుంటూరు వైపు వాళ్లకు దోర్నాల దారి దగ్గర. సుమారు 50 కిలోమీటర్లు, ఇదీ పులుల అభయారణ్యమే, గేటు వేళలూ అవే. ఇటు నుంచి నదిలోకి దిగి ఎక్కే బాధ లేదు. ఎక్కుడంతా శిఖరానికి ముందే అయిపోతుంది. సుమారు 2,800 అడుగుల ఎత్తున శిఖరేశ్వరం, అక్కడి నుంచి గుడికి 8 కిలోమీటర్లు దిగుడు. దారిలో హటకేశ్వరం, సాక్షి గణపతి వస్తాయి. కొత్తవాళ్లకు నేను ఈ దారే చెబుతాను. శిఖరం చూస్తే మరుజన్మ ఉండదని నమ్మి నడిచి వచ్చినవాళ్ల వెనకే మనమూ అటు నుంచి చేరతాం, అది వేరే తృప్తి. దిగుడులో బ్రేకుల జాగ్రత్తలు మాత్రం పైన చెప్పినవే.

చేరాక

నేరుగా దర్శనం క్యూలో నిలబడవద్దు. గంటల కొద్దీ తొక్కి ఒక్కసారిగా కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి కళ్లు తిరుగుతాయి. క్యూలో పడిపోయేవాళ్లను చూశాను. పది నిమిషాలు మెల్లగా నడవండి, ఓఆర్‌ఎస్ తాగండి, స్నానం చేయండి, కాస్త తినండి. స్పర్శ దర్శనానికి మగవాళ్లు పంచె కట్టుకోవాలి. తెల్లవారి దర్శనం పెట్టుకుంటే ఒంటికి అన్నిటికంటే సుఖం.

రాత్రి పడుకునే ముందు మోకాళ్లు చూసుకోండి. ముందు వైపు నొప్పి అయితే మీ సీటు కిందికి ఉంది, వెనక వైపు అయితే పైకి ఉంది. తిరుగు ప్రయాణానికి ముందు ఒక వేలి వెడల్పు మార్చండి. చేతివేళ్లు తిమ్మిరెక్కితే హ్యాండిల్ మీద బరువు ఎక్కువ వేస్తున్నారు. ఉదయం లేచాక కూడా మూత్రం ముదురు రంగులోనే ఉంటే, లేదా కండరాల నొప్పులతో పాటు టీ డికాక్షన్ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

తిరిగి తొక్కుకుంటూ వచ్చే ఆలోచన ఉంటే మధ్యలో ఒక రోజు పూర్తిగా ఆగండి. బస్సులో వచ్చేవాళ్లు ముందు రోజే బస్టాండుకు వెళ్లి, సైకిల్ డిక్కీలో పడుతుందా, ఛార్జీ ఎంత అని కండక్టర్‌ను అడగండి. ముందు చక్రం విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి, చైన్ మీద పాత గుడ్డ చుట్టి ఇస్తే వాళ్లకూ ఇబ్బంది ఉండదు. విప్పిన చక్రం ఇరుసు, నట్లు ఒక సంచిలో వేసి మీ దగ్గరే పెట్టుకోండి.